రెండు పనులకీ ఒకే జత: సోండ్రె నోర్‌హైమ్ కథ

1868 ఫిబ్రవరి. ఇప్పుడు మనం ఓస్లో అంటున్న నార్వే రాజధానికి అప్పట్లో క్రిస్టియానియా అని పేరు. ఆ ఊళ్ళో ఒక మంచు వాలు మీద స్కీ పోటీ పెట్టారు. వచ్చినవాళ్ళలో ఒకాయనకి 42 ఏళ్ళు. సొంత భూమి లేని పల్లెటూరి మనిషి. టెలిమార్క్ కొండల్లోంచి దాదాపు 200 కిలోమీటర్లు స్కీల మీదే వచ్చాడని చెబుతారు. అంటే హైదరాబాద్ నుంచి ఖమ్మం దాకా అనుకోండి, మధ్యలో రోడ్డు లేకుండా, మంచులో.

ఆ రోజుల్లో పట్నంలో స్కీ చేసేవాళ్ళు చేతిలో ఒక పొడవాటి కర్ర పట్టుకుని, బరువంతా దాని మీద వేసి, బ్రేకు నొక్కి పట్టుకున్నట్టు కిందకి దిగేవాళ్ళు. ఈయన కర్ర మీద ఆనుకోలేదు. నేరుగా దిగాడు, గెంతాడు, ఒక కాలు ముందుకి పెట్టి మోకాళ్ళు వంచి దిగాడు, పక్కకి తిరిగి ఆగాడు. మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. పేరు సోండ్రె నోర్‌హైమ్.

మెకానికల్ చదివేవాడికి, అందులోనూ మంచు అంటే లంబసింగి ఫొటోలే తెలిసినవాడికి, ఈయనతో పనేంటని అడగొచ్చు. చెప్తాను. మా పెద్దమ్మ కొడుకు డెన్వర్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. పోయిన చలికాలం అద్దె స్కీలతో నేర్చుకున్నాడు, ఇప్పుడు సొంతంగా ఒక జత కొనుక్కోవాలట. అన్నయ్య సగం రోజు టెర్రైన్ పార్కులో ఉంటాడు. అంటే మంచుతో దిబ్బలూ, గెంతడానికి ర్యాంపులూ, జారడానికి ఇనప రెయిలింగులూ కట్టి ఉంచే చోటన్నమాట. మిగతా సగం రోజు కొండంతా తిరుగుతాడు: గట్టి మంచు, మెత్తటి మంచు, చెట్ల మధ్య, ఎగుడుదిగుళ్ళ మీద. రెండు జతలు కొనేంత డబ్బు స్టూడెంట్ దగ్గర ఉండదు కదా. మూడు స్కీల కొలతల కాగితం నాకు పంపించి, నువ్వు మెకానికల్ కాబట్టి చూసి చెప్పమన్నాడు. మూడూ ట్విన్ టిప్‌లే. మామూలు స్కీకి ముందు కొన మాత్రమే పైకి తిరిగి ఉంటుంది, ట్విన్ టిప్‌కి వెనక కొన కూడా అలాగే తిరిగి ఉంటుంది. అందుకని వెనక్కి తిరిగి కూడా జారొచ్చు, గాల్లో సగం తిరిగి వెనక్కే దిగొచ్చు.

ఆ కాగితంలోని అంకెలు ఎక్కడ పుట్టాయా అని వెతుక్కుంటూ పోతే ఈ 42 ఏళ్ళ మనిషి దగ్గర తేలాను. అన్నయ్య సమస్యే ఈయన సమస్య కూడా. గెంతడానికీ, కొండ దిగుతూ తిరగడానికీ ఒకే జత కావాలి, రెండో జత పెట్టుకునే స్తోమత లేదు.

నోర్‌హైమ్ 1825 జూన్ 10న టెలిమార్క్‌లో మోర్గెదాల్ అనే లోయలో, ఓవర్‌బో అనే చిన్న ఇంట్లో పుట్టాడు. వాళ్ళది అక్కడి భాషలో హుస్మన్ కుటుంబం. అంటే రైతు భూమిలో ఓ మూల చిన్న ఇల్లూ, కాస్త చెక్కా తీసుకుని, దానికి బదులు ఆ రైతు పొలంలో పని చేసిపెట్టే వాళ్ళు. కౌలుదారు అనడానికి లేదు, పాలేరు అనడానికీ లేదు, ఆ రెండింటికీ మధ్య బతుకు. నోర్‌హైమ్ అన్నది పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు కూడా కాదు, తర్వాత కాపురమున్న చోటు పేరు. మన ఇళ్ళల్లో ఊరి పేర్లు ఇంటిపేర్లయినట్టే, అక్కడ ఏ చోట ఉంటే ఆ పేరు మనిషికి అంటుకునేది. ఇంకో సంగతి. ఆయన పుట్టిన ఏడాదే, 1825 జూలైలో, నార్వే నుంచి అమెరికాకి వలస వెళ్ళేవాళ్ళతో మొదటి ఓడ స్టావాంగర్ రేవు నుంచి బయల్దేరింది. దానికీ ఈయనకీ అప్పటికి ఏ సంబంధమూ లేదు.

మోర్గెదాల్‌లో చలికాలం స్కీ ఆట కాదు, నడక. పక్కింటికి వెళ్ళాలన్నా, అడవికి వెళ్ళాలన్నా స్కీలే. అయితే ఈయనకి నడకతో సరిపోలేదు. పిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ ఎత్తు కనిపిస్తే ఎక్కి దూకడమే పని. ఇంటి కప్పు మీద నుంచి కూడా స్కీలతో దూకేవాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇవాళ పార్కుల్లో పెట్టెలూ రెయిలింగులూ కట్టించుకుని మరీ చేసే పనిని, ఆయన ఉన్న కొంపతోనే కానిచ్చేశాడు. పెళ్ళయింది, 1854లో. భార్య పేరు రన్నెయ్. పిల్లలు పుట్టారు. వడ్రంగం చేసేవాడు, స్కీలు చెక్కేవాడు. డబ్బు మాత్రం ఎప్పుడూ లేదు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది.

అప్పటిదాకా చాలాచోట్ల స్కీకి పాదం కట్టే పద్ధతి ఏంటంటే, బొటనవేలి దగ్గర ఒక పట్టీ, అంతే. మడమ ఖాళీ. హవాయి చెప్పులు వేసుకుని పరిగెత్తినట్టు ఊహించుకోండి. నేల మీద తిన్నగా వెళ్ళినంతసేపు బాగానే ఉంటుంది. గెంతితే స్కీ ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. గట్టిగా పక్కకి తిప్పితే పాదం మాత్రం తిరుగుతుంది, స్కీ తిరగదు. నోర్‌హైమ్ ఏం చేశాడంటే, పచ్చి కొమ్మల్నీ వేళ్ళనీ తాడులా మెలిపెట్టి, ముందు పట్టీ దగ్గర్నుంచి మడమ చుట్టూ తిప్పి కట్టాడు. మెలిపెట్టిన కొమ్మ కాబట్టి కాస్త సాగుతుంది, మళ్ళీ వెనక్కి లాగుతుంది. మడమ పైకి లేస్తుంది గానీ పక్కకి జారదు. గాల్లో స్కీ పాదాన్ని వదలదు. నడక పోలేదు, గెంతు వచ్చింది, తిప్పు కూడా వచ్చింది. ఒక్క కట్టుతో మూడు.

రెండోది స్కీ ఆకారం. ఆ కాలపు పొడవాటి స్కీల కంటే పొట్టిగా చెక్కాడు, ముందూ వెనకా వెడల్పు ఉంచి మధ్యలో నడుము సన్నం చేశాడు. దీన్ని ఇప్పుడు సైడ్‌కట్ అంటారు. స్కీని పక్కకి వాల్చి బరువు వేస్తే, అది వంగుతుంది, ఆ వంగిన అంచు మంచులో ఒక వృత్తఖండం గీస్తుంది. మనిషి ఆ వంపు వెంబడే తిరిగిపోతాడు. బలవంతంగా తోయక్కర్లేదు, చెక్కే తిప్పుతుంది.

నడుము సన్నగా ఉన్న స్కీలు ఈయనకి ముందే కొన్నిచోట్ల ఉన్నాయి, మడమ కట్టు కూడా పూర్తిగా ఈయన సొంతమేనా అన్నదాని మీద చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే ఆ వాదన పెద్ద ముఖ్యం అనిపించదు. మన డిజైన్ ల్యాబ్‌లో కూడా విడిభాగాలు అందరి దగ్గరా ఉంటాయి. ఏ మూడు కలిపితే పని అవుతుందో చూసి, కలిపి, దాని మీద ఎక్కి, నలుగురి ముందు దిగి చూపించేవాడు ఒకడు కావాలి. 1866లో హోయ్‌దాల్స్‌మో అనే చోట జరిగిన గెంతు పోటీలో ఆయన అదే చేశాడు, గెలిచాడు. రెండేళ్ళకి రాజధానిలో మళ్ళీ చేశాడు.

ఇప్పుడు అన్నయ్య కాగితం దగ్గరికి వద్దాం. అందులో ఒక స్కీకి 121-90-118 అని ఉంది. ముందు వెడల్పు, నడుము, వెనక వెడల్పు, అన్నీ మిల్లీమీటర్లలో. ముందూ వెనకా సగటు 119.5. అందులోంచి 90 తీసేసి సగం చేస్తే 14.75 మిల్లీమీటర్లు. నడుము దగ్గర అంచు ఒక్కోపక్క అంత లోపలికి ఉందన్నమాట. వెడల్పాటి రెండు చోట్ల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుంటే, ఇంటర్‌లో చేసిన వృత్తం లెక్కే: పొడవు వర్గాన్ని ఆ లోతుకి 8 రెట్లతో భాగించాలి. దాదాపు 19 మీటర్ల వ్యాసార్ధం వస్తుంది. స్కీని మంచు మీద 60 డిగ్రీలు వాలిస్తే, 60 కొసైన్ సగం కాబట్టి, తిరిగే వ్యాసార్ధం కూడా సగమై తొమ్మిదిన్నర మీటర్లకి దగ్గరవుతుంది. నిజం మంచులో ఇంకా చాలా లెక్కలోకి వస్తాయి, కానీ రెండు స్కీలు పోల్చడానికి ఇది చాలు. నోర్‌హైమ్ ఈ లెక్క వేసి ఉండడు. చెక్కాడు, దిగాడు, మళ్ళీ చెక్కాడు.

నడుము 90 అన్నది ఎందుకు ముఖ్యమంటే, పార్కులో సన్నటి నడుము మంచిది, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి చకచకా మారొచ్చు. లోతు మంచులో వెడల్పు కావాలి, లేకపోతే ములిగిపోతుంది. రెండూ చేసేవాడికి 88 నుంచి 96 మధ్యలో ఎక్కడో సర్దుకోవాలి. పార్కు ఎక్కువైతే కిందకి, కొండ ఎక్కువైతే పైకి.

తర్వాత కాంబర్. లోడ్ లేని లారీ కమాను కట్టలు చూశారా, విల్లులా వంగి ఉంటాయి, బరువు పడితే చదునవుతాయి. స్కీ కూడా అంతే. పాదం కింద పైకి వంగి ఉంటే, బరువు వేసినప్పుడు కొనల దాకా మంచుని గట్టిగా నొక్కుతుంది, గట్టి మంచు మీద అంచు పట్టు దొరుకుతుంది, గెంతేముందు స్ప్రింగులా ఎత్తి ఇస్తుంది. దీనికి తిరకాసు వంపు రాకర్. కొనల దగ్గర ముందే పైకి లేచి ఉంటుంది, మెత్తటి మంచులో తేలుతుంది, పొరపాటున అంచు పట్టేసుకోదు. అన్నయ్యకి నేను చెప్పింది, పాదం కింద కాంబర్, రెండు కొనల దగ్గరా కాస్తే రాకర్ ఉన్నది చూడమని. మొత్తం రాకరే ఉన్నవి సరదాగా ఉంటాయట గానీ, గట్టి మంచు మీద పొద్దున్నే దిగితే జారుడే.

అందరూ వదిలేసేది, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది, బూటు బిగించే చోటు. ట్విన్ టిప్ కదా అని సరిగ్గా మధ్యలో బిగిస్తే గాల్లో గుండ్రంగా తిరగడానికి బాగుంటుంది, ముందూ వెనకా బరువు సమానం కాబట్టి. వెనక్కి జారడానికీ బాగుంటుంది. కానీ కొండ మీద వేగంగా దిగేటప్పుడు ముందు స్కీ చాలదు, లోతు మంచులో కొన ములుగుతుంది. కొండ స్కీలని మధ్య నుంచి చాలా వెనక బిగిస్తారు. సగం సగం చేసేవాడికి మధ్య నుంచి రెండు మూడు సెంటీమీటర్లు వెనక సరిపోతుంది. ఒకసారి రంధ్రాలు వేశాక మళ్ళీ మళ్ళీ మార్చడం కుదరదు, కాబట్టి బొమ్మలూ రంగులూ చూసే ముందు ఇది తేల్చుకోవాలి. పొడవు అంటారా, గడ్డం నుంచి నడినెత్తి మధ్య. కొనల్లో రాకర్ ఉంటే నేలని తాకే పొడవు తగ్గుతుంది కాబట్టి నెత్తి వైపుకి పోవచ్చు. రెయిలింగుల మీద జారేవాడైతే అంచుకున్న ఉక్కు పట్టీ మందంగా ఉండాలి. సన్నదైతే ఇనుముకి ఇనుము తగిలి పగుళ్ళిస్తుంది. కొంతమంది పాదం కింద అంచుని కావాలనే మొద్దు చేయిస్తారు, రెయిలింగు పట్టేసుకోకుండా. అలా చేస్తే గట్టి మంచు మీద పట్టు పోతుంది. ఒక పక్క తీసుకుంటే ఇంకో పక్క ఇవ్వాల్సిందే.

గమనిస్తే, కట్టు ఎక్కడ ఉండాలి, నడుము ఎంత ఉండాలి అన్న ఆ రెండు ప్రశ్నలూ మోర్గెదాల్‌లో వడ్రంగి వేసుకున్నవే. మధ్యలో వందేళ్ళ పాటు ఆ రెండూ విడిపోయాయి. గెంతడానికి పొడుగ్గా బరువుగా వేరే స్కీలు, వాలు మీద గేట్ల మధ్య తిరగడానికి వేరే, చదునులో దూరాలు పోవడానికి వేరే. ఒక్కో దానికి ఒక్కో క్రీడ, ఒక్కో సంఘం, ఒక్కో నియమావళి. స్లాలమ్ అన్న మాట కూడా టెలిమార్క్ యాసలోంచి వచ్చిందే, వాలూ జాడా అని అర్థం వచ్చే రెండు ముక్కలు కలిసినది. ఇప్పటికీ ఒలింపిక్స్ గెంతు పోటీల్లో ఒక కాలు ముందుకి పెట్టి దిగకపోతే జడ్జీలు మార్కులు కోసేస్తారు, ఆ దిగడాన్ని టెలిమార్క్ అనే అంటారు. 1990లలో స్నోబోర్డు కుర్రాళ్ళని చూసి స్కీ కుర్రాళ్ళకి మళ్ళీ గెంతూ తిప్పూ ఒకే పరుగులో కావాలనిపించింది. 1998లో సాలమన్ కంపెనీ టెన్‌ఎయిటీ అనే ట్విన్ టిప్‌ని తెచ్చింది, గాల్లో మూడు చుట్లు అంటే 1080 డిగ్రీలని ఆ పేరు. 2014 సోచి ఒలింపిక్స్‌కల్లా రెయిలింగులూ గెంతులూ కలిపిన స్లోప్‌స్టయిల్ పతకాల పట్టికలోకి ఎక్కింది. అదంతా కొత్త ఆట అని రాస్తుంటారు. ఇంటి కప్పు మీద నుంచి దూకినవాడిని అడిగితే ఏమనేవాడో.

ఇంత చేసిన మనిషికి ఏం మిగిలింది? 1868 గెలుపు తర్వాత పేరైతే వచ్చింది. మోర్గెదాల్ కుర్రాళ్ళు ఆయన వెనక పడ్డారు. వాళ్ళలో మిక్యెల్, తోర్యుస్ అనే హెమ్మెస్ట్‌వెట్ అన్నదమ్ములు క్రిస్టియానియాలో వరసగా పోటీలు గెలిచారు, 1881లో అక్కడే స్కీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ప్రపంచంలో మొదటి స్కీ బడి అదేనంటారు. పట్నం పెద్దమనుషులు డబ్బిచ్చి నేర్చుకున్నారు. నోర్‌హైమ్ మాత్రం మోర్గెదాల్‌లోనే, అదే హుస్మన్ బతుకులో ఉన్నాడు. ఆయన చెక్కిన ఆకారాన్ని ఎవరైనా చెక్కుకోవచ్చు, ఆయనకి దమ్మిడీ ఇవ్వక్కర్లేదు. పేటెంట్ అన్న మాట ఆ లోయలో ఎవరికీ అవసరపడి ఉండదు. అవసరపడి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది, ఉచితంగా పంచితేనే గొప్ప అన్న మాట కడుపు నిండినవాళ్ళే ఎక్కువ చెబుతారు.

1884లో, 59వ ఏట, భార్యనీ పిల్లల్లో కొందర్నీ తీసుకుని అమెరికా ఓడెక్కాడు. ఒక కొడుకు అప్పటికే అక్కడున్నాడు. మొదట మిన్నెసోటా, తర్వాత డకోటా. ఇప్పటి ఉత్తర డకోటా రాష్ట్రంలో మెక్‌హెన్రీ కౌంటీ. ఆ వయసులో ఎందుకెళ్ళాడన్నది పెద్ద రహస్యం కాదు. నార్వేలో దున్నుకునే భూమి తక్కువ, హుస్మన్ పిల్లలకి అది అసలే లేదు. అమెరికాలో 1862 చట్టం కింద 160 ఎకరాలు, అక్కడే ఉండి సాగు చేసుకుంటే సొంతం. మన క్లాసులో జీఆర్‌ఈ రాస్తున్నవాళ్ళని అడిగినా ఇంచుమించు ఇలాంటి కారణాలే చెబుతారు, ఎకరాల బదులు ఇంకేదో ఉంటుంది.

కానీ డకోటా చదును. మంచు కావలసినంత ఉంది, చలి నార్వే కంటే ఎక్కువే, గాలి ఇంకా ఎక్కువ. వాలు లేదు. ఆయన చేతిలో ఉన్న విద్య అంతా వాలు మీద ఆధారపడ్డది. గెంతడానికి ఎత్తు కావాలి, తిరగడానికి ఏటవాలు కావాలి, ఆ రెండూ లేని చోట నడుము సన్నటి స్కీ తిన్నటి స్కీ కంటే ఎందులోనూ మెరుగు కాదు. అయినా ఆయన ఇంటి తలుపు పక్కన ఒక జత స్కీలు ఎప్పుడూ నిలబెట్టి ఉండేవని చెబుతారు.

శిష్యులిద్దరూ కూడా తర్వాత అమెరికా వచ్చేశారు, మిక్యెల్ 1886లో, తోర్యుస్ 1888లో. వాళ్ళు చేరింది మిన్నెసోటాలో రెడ్ వింగ్, అక్కడ కొండలున్నాయి, గెంతు పోటీలున్నాయి, చప్పట్లున్నాయి. అక్కడి స్కీ చరిత్రలో వాళ్ళ పేర్లు ముందుగా వస్తాయి. గురువుగారు అప్పటికి అరవై దాటి మైదానంలో వ్యవసాయం చేసుకుంటున్నాడు.

1897 మార్చి 9న చనిపోయాడు. డెన్‌బీ అనే ఊరి దగ్గర నార్వే వాళ్ళు కట్టుకున్న చర్చి ఆవరణలో పాతిపెట్టారు. సమాధి మీద పేరు రాసిన రాయి లేదు. దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది, తర్వాతెప్పుడో గుర్తు పెట్టారు.

1952లో చలికాలపు ఒలింపిక్స్ ఓస్లోకి వచ్చాయి. జ్యోతిని గ్రీసు నుంచి తెప్పించలేదు. మోర్గెదాల్‌లో, ఓవర్‌బోలో, ఆయన పుట్టిన ఇంటి పొయ్యిలో వెలిగించారు. అక్కడి నుంచి 94 మంది ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ రాజధానికి తీసుకెళ్ళారు. వాళ్ళు వెళ్ళింది కూడా స్కీల మీదే.